కుక్కల దారిలో నడవడానికి చేతికర్ర ఎలా చేసుకోవాలి? ఎలా పట్టుకోవాలి?

చేతిలో ఏదో ఒక కర్ర ఉంటే చాలనుకుంటాం. చీపురు కర్రనో పాత గొడుగునో కుక్క ఒక్కసారి పంటితో పట్టి విదిలిస్తే మన చేతిలో సగమే మిగులుతుంది. పోనీ అని దుడ్డుకర్ర పట్టుకుంటే రెండు రోజులు మోసి మూడో రోజు గుమ్మం పక్కనే వదిలేస్తాం. ఈ కర్ర చేయాల్సిన పని ఒక్కటే: కుక్క నోటికీ మన పిక్కకూ మధ్య గజం దూరం నిలపడం. పొడవెంత, మందమెంత, చివర ఏం తొడగాలి, చేయి ఎక్కడ పడాలి అన్నవి ఆ పనిని బట్టే తేలతాయి.

కొలతలు

మామూలు ఊతకర్ర మణికట్టు ఎత్తు ఉంటుంది. ఒళ్లు ఆన్చడానికి అది సరిపోతుంది గానీ, కుక్కకు అడ్డం పెట్టాలంటే నడుం వంచాలి. వంగితే మొహం కుక్కకు దగ్గరవుతుంది, తూలిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే మోచేతికి పైన, చంకకు కింద వచ్చేలా చేసుకోవాలి. రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి, నేల నుంచి మోచేతి మడత దాకా కొలవండి. దానికి ఒక జానెడు కలపండి. 165 సెం.మీ. ఎత్తున్న మనిషికి ఇది 120, 130 సెం.మీ.ల మధ్య వస్తుంది. చేయి పడేది మోచేతి ఎత్తులోనే. పైన మిగిలే జానెడు అవసరమైతే రెండో చేయి వేయడానికి.

మందం పట్టుకునే చోట 28 మి.మీ., అడుగున 22 మి.మీ. ఉంటే బాగుంటుంది. పిడికిలి బిగిస్తే బొటనవేలు మధ్యవేలి గోటిని తాకాలి. తాకకపోతే ఆ కర్ర మీ చేతికి లావు, తడి చేత్తో జారుతుంది. బరువు అరకిలో దగ్గర ఉంటే మేలు. 28 మి.మీ. మందంతో 120 సెం.మీ. గట్టి కర్ర మామూలు చెక్కదైతే 480 గ్రాములు తూగుతుంది, చేవ ఉన్న బరువు చెక్కదైతే 660 దాటుతుంది. ఆ 180 గ్రాముల తేడా మొదటి కిలోమీటరులో తెలియదు, మూడో కిలోమీటరులో మణికట్టు చెబుతుంది.

మోకాలి నొప్పో నడుం నొప్పో ఉండి, కర్ర మీద బరువు వేసి నడిచేవాళ్లకు ఈ పొడవు పనికిరాదు. వాళ్లు తమ కొలత ఊతకర్రే వాడాలి.

ఏ కర్ర

లోపల బోలు లేని గట్టి వెదురు అన్నిటికన్నా సులువు. తేలిగ్గా ఉంటుంది, వంగుతుంది, విరిగినా ఒక్కసారిగా రెండు ముక్కలు కాదు. మూడు నాలుగేళ్లు ముదిరిన గడనే కోయాలి. లేత గడ ఎండాక ముడుచుకుపోతుంది, పుచ్చు కూడా దానికే ముందు పడుతుంది. వేలితో కొడితే ముదురు గడ ఖంగుమంటుంది, లేతది మెత్తగా పలుకుతుంది.

చెట్టు కొమ్మైతే రేగు, వేప, తుమ్మ వంటివి పనికొస్తాయి. తుమ్మ గట్టిదే గానీ బరువు. సరుగుడు నిటారుగా దొరుకుతుందని చాలామంది ఎంచుకుంటారు, అదీ బరువే, పైగా ఎండేటప్పుడు నిలువునా బీటలిస్తుంది. గన్నేరు కొమ్మ మాత్రం కోయకండి. ఎంత తిన్నగా ఉన్నా దాని పాలు విషం. కుక్క కొరికేది కూడా ఆ కర్రనే కదా.

పలక నుంచి కోయించుకుంటే నార గీతలు చూడండి. పైనుంచి కింద దాకా కర్రతో పాటే సాగాలి. గీత మధ్యలో పక్కకు దిగి అంచులోంచి బయటికి పోయిందంటే, ఏదో ఒక రోజు అక్కడే విరుగుతుంది, అదీ మొండిగా కాదు, బల్లెంలా కోసుగా. ముడులు కూడా అంతే. చిటికెన వేలి గోరంత ముడి ఉన్నా పర్వాలేదు. కర్ర మందంలో మూడో వంతు మింగిన ముడి నడిమధ్యన ఉంటే ఆ కర్ర పొయ్యిలోకే.

ఎండబెట్టడం

కొమ్మ కోసేటప్పుడు కావలసిన పొడవుకు రెండు పక్కలా బెత్తెడేసి ఎక్కువ ఉంచండి. బీటలు మొదట చివర్లలోనే పడతాయి, ఆ ముక్కలు తర్వాత కోసి పారేయొచ్చు. కోసిన రోజే రెండు చివర్లకూ కరిగించిన మైనం గానీ చిక్కటి పెయింటు గానీ పూయండి. బెరడు తీయకండి, పక్క కొమ్మలను మొదలంటా నరకకండి. అంగుళం మొండెం వదిలి, ఎండాక సాపు చేసుకోవాలి.

నాలుగైదు కర్రలు కలిపి గట్టిగా కట్టి, గాలి ఆడే నీడలో అడ్డంగా పడుకోబెట్టండి. గోడకు చేరవేస్తే విల్లులా వంగుతుంది. తొందరపడి ఎండలో పెడితే పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపలి పచ్చిది ముడుచుకోదు, ఆ లాగుడుకు కర్ర చీలుతుంది. అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. తేదీలతో పని లేకుండా తెలుసుకోవాలంటే వంటింటి తక్కెడ మీద పదిహేను రోజులకోసారి తూచండి. వరసగా రెండుసార్లు ఒకే బరువు చూపితే కర్ర ఎండినట్టే.

వెదురు కింద సన్నటి పిండి రాలుతుంటే పుచ్చు పట్టిందని అర్థం. అది చేతికర్రకు పనికిరాదు, పక్కనున్న కర్రల నుంచి కూడా దూరం పెట్టండి.

వంకర తీయడం

నిలబడిన మనిషి కళ్లకు కనిపించని వంకర కర్రను తుపాకీలా కంటి దగ్గర పెట్టి చూస్తే కనిపిస్తుంది. చిన్న వంకరతో నష్టం లేదు. పెద్దదైతే ఆ చోటును మరిగే నీటి ఆవిరి మీద పెట్టి, చుట్టూ మందపాటి గుడ్డ కప్పాలి. అంగుళం మందానికి గంట సేపు. తీశాక మీకుండే వ్యవధి నిమిషం లోపే. మోకాలి మీద మందపు గుడ్డ వేసుకుని, వంకరకు ఎదురుగా నెమ్మదిగా వంచండి. తిన్నగా వచ్చిన చోట ఆపకుండా ఇంకాస్త అవతలికి పోనివ్వాలి, వదిలాక అది కొంత వెనక్కొస్తుంది. వెంటనే తిన్నని పలకకు తాడుతో నాలుగు చోట్ల బిగించి రెండు రోజులు వదిలేయండి.

వెదురుకు ఆవిరి అక్కర్లేదు. సన్నటి మంట మీద తిప్పుతూ ఉంటే కాసేపటికి పైన చెమట పట్టినట్టు మెరుస్తుంది. ఆ మెరుపే గుర్తు. గుడ్డతో తుడిచి, వంచి, తడిగుడ్డ చుట్టి చల్లారనివ్వండి. బోలు వెదురైతే రెండు కణుపుల మధ్య ఇరుక్కున్న గాలి వేడికి ఉబ్బి టపాసులా పేలవచ్చు. ముందే ఒక్కో అరకు సన్నటి చిల్లు పెట్టాలి. గట్టి వెదురు తీసుకోమనడానికి ఇదొక కారణం.

నునుపు, పొన్ను, పట్టు

మొండేలను రంపంతో కోసి, ఆకురాయి పట్టి, తర్వాత గరుకు కాగితం 80, 120, 220 నంబర్ల వరుసలో నారతో పాటు రుద్దండి. పట్టుకునే చోట 120 దగ్గరే ఆపితే పట్టు బాగుంటుంది. వెదురు అడుగు చివరను కణుపుకు కాస్త కిందగా కోయాలి, బోలుగా ఉన్న చోట కోస్తే వారం తిరక్కుండా చీలుతుంది.

అడుగున ముందు లోహపు పొన్ను, అంటే చివర చీలకుండా తొడిగే కట్టు. 2 నుంచి 3 సెం.మీ. పొడవున్న రాగి గొట్టం ముక్క చాలు. కర్రను దానికి తగ్గట్టు చెక్కి, బిగుతుగా దిగేలా చేసి, ఎపాక్సీ జిగురుతో అంటించండి. అడుగు నుంచి మేకు కొట్టొద్దు, ఆ మేకే కర్రను చీలుస్తుంది. దాని మీద 22 మి.మీ. రబ్బరు తొడుగు, లోపల ఒక ఇనుప వాషరు. వాషరు లేకపోతే నెలలోనే కర్ర రబ్బరును పొడుచుకుని బయటికొస్తుంది. చివర మొనదేలిన ఇనుము బిగించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది మట్టిలో దిగబడుతుంది, నున్నటి రాయి మీద జారుతుంది, తోటి మనిషి పాదం మీద పడితే చెప్పక్కర్లేదు.

చేయి పట్టే జానెడు మేర నూలుతాడు గానీ సైకిలు హ్యాండిలు టేపు గానీ ఒత్తుగా చుట్టండి. చీకట్లో నడిచేవాళ్లు అడుగుకు బెత్తెడు పైన మెరిసే టేపు అంటించుకుంటే వాహనాలవాళ్లకు కనిపిస్తారు. మణికట్టుకు తాడు మాత్రం వద్దు. కుక్క కర్ర పట్టుకుని లాగితే కర్రను వదిలేసే వీలు మీకుండాలి.

చివరగా అంగట్లో ‘బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ పేరుతో దొరికే అవిసె నూనె. పలచగా రాసి, పావుగంటకు మిగులు తుడిచేసి, రోజు ఆరనిచ్చి మళ్లీ రాయండి. మూడు పూతలు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పారేయండి, లేదా ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

వాడే ముందు ఒక పరీక్ష. కర్ర ఒక చివర మెట్టు మీద, మరో చివర నేల మీద ఉండేలా పెట్టి, మధ్యలో పాదంతో మెల్లగా ఒత్తండి. కొంచెం వంగి తిరిగి లేవాలి. చిటుక్కుమని చప్పుడొస్తే ఆ కర్రను నమ్మకండి.

పట్టుకుని నడవడం

కర్ర మొన ఎప్పుడూ నేల వైపే ఉండాలి. భుజాన వేసుకున్నా, చంకలో ఇరికించుకున్నా అవసరానికి అందదు. నడకతో పాటు కర్ర నేలకు తగులుతూ పోతే దాని బరువూ తెలియదు, కుక్కకూ అది బెదిరింపుగా కనిపించదు. గేట్లు, సందులు ఏ పక్క ఎక్కువుంటే ఆ పక్క చేత్తో పట్టుకోండి.

కుక్క వస్తుంటే మొదట ఆగండి. పరుగెత్తితే మీరు వేటవుతారు. దూరాన నిలబడి మొరిగేది చాలావరకు తన చోటు దాటి పొమ్మంటోంది, పక్కగా నడిచి ఆ చోటు దాటేస్తే అది ఆగిపోతుంది. తల వంచి, ఒళ్లు బిగించి, చప్పుడు లేకుండా వేగంగా వచ్చేదాన్ని చూసి జాగ్రత్తపడాలి. తోక ఊపుతోందని ధీమా పడొద్దు. ఒళ్లంతా వదులుగా ఊగుతుంటే ఒక అర్థం, తోక నిక్కి సన్నగా వణుకుతుంటే ఇంకొకటి.

మీరు కాస్త పక్కకు తిరిగి నిలబడి, కర్ర మొనను మీ ముందు చేయి చాచినంత దూరంలో ఏటవాలుగా నేలకు ఆన్చండి. కుక్క ఎటు తిరిగితే మొన అటు తిరగాలి, అది గాల్లోకి లేవకూడదు. కర్ర పైకెత్తితే కొన్ని కుక్కలు పారిపోతాయి, కొన్ని మీదికి దూకుతాయి. ఏది ఎలాంటిదో ముందు తెలియదు, పైగా ఎత్తిన క్షణంలో మీ కాళ్ల ముందు అడ్డు ఉండదు. కళ్లలోకి తేరిపార చూడకుండా, గొంతు పెంచకుండా స్థిరంగా ‘పో’ అనండి. నేల మీద ఒకటి రెండుసార్లు తట్టండి. అది తటపటాయించగానే వెనక్కి అడుగులు వేయండి, వీపు మాత్రం చూపొద్దు.

కర్ర కొరికిందంటే మంచిదే. ఆ పళ్లు మీ పిక్క మీద లేవు. అలాంటప్పుడు వెనక్కి లాగబుద్ధవుతుంది, లాగకండి. లాగితే అది ఇంకా బిగిస్తుంది. రెండో చేయి కూడా వేసి, కర్రను అది ఉన్న వైపే నిదానంగా నెడుతూ ఉంటే చాలాసార్లు పట్టు వదులుతుంది. వదలకపోతే కర్రను వదిలేయండి. అది కర్రతో తంటాలు పడుతుంటే మీరు తప్పుకోవచ్చు.

నాలుగైదు కలిసి వస్తే వెనుక గోడో, ఆగి ఉన్న బండో చూసుకుని వీపు దానికి ఆన్చండి. గుంపులో ముందున్నది ఆగితే మిగతావి చాలావరకు ఆగుతాయి. కింద పడితే ముడుచుకుని, పిడికిళ్లు మెడ వెనక పెట్టి, మోచేతులతో మొహం కప్పుకోండి.

దెబ్బ కొట్టడం గురించి: తల మీద కొడితే సాధారణంగా విరిగేది కర్రే, రెచ్చేది కుక్క. పారిపోతున్న కుక్కను వెంటపడి కొట్టడం చాలా దేశాల్లో నేరం కూడా. మళ్లీ అదే దారిలో నడవాల్సింది మీరే.

పన్ను తగిలినా, గోరు గీరినా సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడగండి. అయోడిన్ లాంటి క్రిమినాశిని తప్ప గాయం మీద ఏదీ పూయకుండా, గట్టి కట్టు కట్టకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగాలి. లక్షణాలు కనిపించాక ఆ జబ్బుకు దాదాపు మందు లేనట్టే. కుక్క కొరికిన కర్రను కూడా సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, పంటిగాట్లను గోటితో తడమండి. గాటు అడ్డంగా ఉంటే గరుకు కాగితంతో నునుపు చేసి నూనె రాస్తే సరిపోతుంది. నార వెంట పొడుగ్గా చీలి, వంచినప్పుడు ఆ చీలిక నోరు తెరుస్తుంటే కొత్త కర్ర మొదలుపెట్టండి. పాతదాని పొన్ను, రబ్బరు దానికి తొడగవచ్చు.