లంబసింగి చలిలో టెంటు: వణుకు ఎక్కడ మొదలైతే తప్పు ఎక్కడ ఉన్నట్టు?

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల లోపు ఉండడం అక్కడ మామూలు. కొన్ని ఏళ్లలో సున్నాకు దగ్గరగా కూడా వెళ్లింది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో మొదటిసారి టెంటు వేసుకుని పడుకుందామని వెళ్లేవాళ్లు సాధారణంగా డబ్బంతా ఒక లావుపాటి జాకెట్ మీద పెడతారు. చలి మాత్రం నేలలోంచి వస్తుంది, ఒంటికి పట్టిన చెమటలోంచి వస్తుంది, మంచు తేమలోంచి వస్తుంది. వీటిని ఏ జాకెటూ ఆపలేదు. అందుకే ఏం కొనాలో చెప్పే ముందు, ఎక్కడ వణుకు పుడితే ఏది సరిచేయాలో చెబుతాను.

పైన రెండు దుప్పట్లు ఉన్నా వీపు చల్లబడిపోతోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే, ఎక్కువమంది పొరపడేదీ ఇక్కడే. చలేస్తోందని పైన ఇంకో దుప్పటి కప్పుతారు. ఒకసారి చెయ్యి వీపు కిందకు పోనిచ్చి చూడండి. పరుపు చల్లగా తగిలితే పైన ఎన్ని కప్పినా లాభం లేదు.

మనకు వెచ్చదనాన్నిచ్చేది దుప్పటి గుడ్డ కాదు, దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి. పడుకోగానే మన బరువుకు వీపు కింద ఉన్న దూది అణిగిపోతుంది, గాలి బయటకు పోతుంది. ఇక ఒంటికీ నేలకూ మధ్య ఒక పలుచని గుడ్డ మాత్రమే మిగులుతుంది. తడి నేల ఒంట్లోని వేడిని రాత్రంతా పీల్చేస్తూ ఉంటుంది.

లంబసింగి దగ్గరి తాజంగి వైపు మేం టెంటు వేసిన రాత్రి మా చెల్లెలికి సరిగ్గా ఇలాగే అయింది. ఒంటి గంట దాటింది. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, మోకాళ్లు గుండెకు ఆనించి ముడుచుకుని కూర్చుంది, పళ్లు కొట్టుకుంటున్నాయి. మా మాటలు విని ఆ స్థలం యజమానురాలు లేచి వచ్చారు. టెంటు అడుగు భాగం తడిమి చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్లి, రెండు చేతులా వరిగడ్డి పట్టుకొచ్చారు. టెంటు పైకెత్తించి, అరచేయి మందాన గడ్డి పరిచారు. “చలికి అడుగున వెయ్యాలమ్మా, పైన కాదు” అన్నారు. అరగంటలో చెల్లెలు నిద్రపోయింది. ఆ తరువాత నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటకు వివరణే.

కొనేటప్పుడు ముందుగా ఫోం చాప కొనండి. వేలితో నొక్కితే వెంటనే పైకి లేచే, నీరు పీల్చని రకం కావాలి. వ్యాయామానికి వాడే పలుచని చాప ఒక్కటే సరిపోదు. రెండు చాపలు ఒకదాని మీద ఒకటి వేస్తే వాటి బలం కలుస్తుంది. మంచి చాపల మీద ‘ఆర్’ విలువ అని ఒక అంకె ఉంటుంది, చాప నేల చలిని ఎంత ఆపుతుందో అది చెబుతుంది. సున్నాకు దగ్గరి చలికి అది 3, 4 మధ్య ఉండేలా చూసుకోండి. ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు గాలి కొట్టి వేసే పరుపును మాత్రం తేకండి. లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ నేల చలిని నేరుగా వీపుకు చేరుస్తుంది. అదొక్కటే ఉంటే దాని పైన ఫోం చాప పరవండి. ఏదీ లేకపోతే ఎండుగడ్డి, అట్టపెట్టెలు, ఖాళీ సంచులు, ఏవైనా సరే అడుగున వేయండి. గడ్డి వేసినచోట నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు.

నడిచేటప్పుడు వేడిగానే ఉంది, ఆగగానే వణుకు

దీనికి కారణం చెమట, నూలు బట్ట. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మేఘాల మీద సూర్యోదయం చూడాలని చీకట్లోనే జాకెట్లన్నీ వేసుకుని కొండ ఎక్కుతారు. సగం దారిలోనే బనియను తడిసిపోతుంది. పైకి చేరి నిలబడగానే గాలి తగులుతుంది, తడిసిన నూలు ఒంటికి అతుక్కుంటుంది, సూర్యుడు పైకి వచ్చేలోగా వణుకు పట్టుకుంటుంది. నూలు వేసవిలో మనకెంత మేలు చేస్తుందో చలిలో అంత కీడు చేస్తుంది. చెమటను పీల్చుకుంటుంది గానీ వదలదు. జీన్స్ మరీ ఘోరం, ఒకసారి తడిస్తే ఆ చలిలో ఆరదు.

ఒంటికి తగిలే బట్ట పాలిస్టరుదో ఉన్నిదో అయి ఉండాలి. థర్మల్స్ కొనేటప్పుడు చీటీ చదవండి, నూలు ఎక్కువగా ఉంటే వదిలేయండి. దాని మీద ఫ్లీస్ (మెత్తటి నూగుండే పాలిస్టరు బట్ట) గానీ ఉన్ని స్వెట్టర్ గానీ, అన్నిటికంటే పైన గాలిని ఆపే పలుచని జాకెట్. ఒక్క లావు జాకెట్ కంటే ఈ మూడూ మేలు, ఎందుకంటే ఎక్కేటప్పుడు ఒకటి విప్పుకోవచ్చు. కొంచెం చలేస్తుండగానే నడక మొదలుపెట్టండి, పది నిమిషాల్లో సర్దుకుంటుంది. పైకి చేరాక ముందు పొడి బనియను మార్చుకుని, ఆ తరువాతే ఫొటోలు తీసుకోండి.

ఇంట్లో గొంగడి ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. మన గొర్రెల కాపరులు దక్కనీ ఉన్ని గొంగడి మీదే వానా చలీ దాటారు. తేమ తగిలినా ఉన్ని వెచ్చదనాన్ని పూర్తిగా వదలదు. బరువు ఎక్కువే, గరుకుగానూ ఉంటుంది. అయినా స్లీపింగ్ బ్యాగు కింద పరిచినా, తెల్లవారుజామున భుజాల మీద కప్పుకున్నా దానికి సాటి వచ్చేది నాకు ఇంతవరకు దొరకలేదు.

తెల్లవారుజామున టెంటు లోపల నీటి చుక్కలు రాలుతున్నాయి

టెంటు కారుతోందని కంగారుపడకండి. అది మీ ఊపిరే. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలిన ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. చలికి భయపడి కిటికీలన్నీ బిగించేస్తే మరీ ఎక్కువ. పైభాగంలోని గాలి కంతలను, తలుపు జిప్పును కొంచెం తెరిచి ఉంచండి. తల స్లీపింగ్ బ్యాగులోపల దాచుకుని ఊపిరి వదలకండి, బ్యాగు లోపలినుంచే తడుస్తుంది. మంకీ క్యాప్ పెట్టుకుని ముఖం బయట ఉంచుకోవాలి.

టెంటు వేసే చోటు చూసుకుంటే సగం ఇబ్బంది ముందే తప్పుతుంది. చల్లని గాలి బరువైనది, నీళ్లలాగే పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. వాగు ఒడ్డు చూడ్డానికి అందంగా ఉన్నా రాత్రికి అందరికంటే ముందు వణికేది అక్కడ పడుకున్నవాళ్లే. కొంచెం మెరక మీద, గాలికి అడ్డుగా చెట్లున్న చోట వేయండి.

స్లీపింగ్ బ్యాగు మీద 5 డిగ్రీలని రాసి ఉంది, అయినా చలి

చాలా బ్యాగుల మీద రెండు మూడు అంకెలు ఉంటాయి. హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటి, ముడుచుకుని ఓర్చుకోగలిగేది ఇంకొకటి, ప్రాణాపాయం దగ్గరికి వచ్చేది మరొకటి. దుకాణంలో పెద్దగా చూపించేది చాలాసార్లు హాయి అంకె కాదు. మొదటిసారి వెళ్లేవాళ్లు హాయి అంకెనే చూడాలి, అదీ మీరు వెళ్లేచోటి చలి కంటే 5 డిగ్రీలు తక్కువది తీసుకోవాలి. అద్దె బ్యాగులయితే నెలల తరబడి నొక్కి కట్టి ఉంచుతారు కాబట్టి దూది చచ్చిపోయి ఉంటుంది. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే పలుచబడిన చోట్లు తెలిసిపోతాయి. పడుకోవడానికి గంట ముందే బ్యాగు విప్పి, బాగా దులిపి పరిచి ఉంచండి. ఈకలు నింపినవి తేలిక, కానీ తడిస్తే పనికిరావు. మన్యపు మంచుకు పాలిస్టరు దూదివే నయం.

పాదాలు మంచుముద్దలయ్యాయి

రెండు జతల మేజోళ్లు బిగించి వేసుకుని ఉంటారు. నెత్తురు ఆడక కాళ్లు చల్లబడతాయి. ఒక్కటే వదులుగా ఉన్న ఉన్ని జత, అదీ పగలు నడిచినది కాకుండా పొడిది వేసుకోండి. స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, మేజోడు తొడిగి కాళ్ల దగ్గర పెట్టుకుంటే ఎక్కువసేపు వెచ్చగా ఉంటుంది. పడుకునే ముందు నాలుగు పల్లీ ఉండలు తినండి, ఒంట్లో వేడి పుట్టడానికి ఇంధనం కావాలి కదా.

ఫోను ఆరిపోయింది, గ్యాసు పొయ్యి మండడం లేదు

చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. ఫోనునూ పవర్ బ్యాంకునూ స్లీపింగ్ బ్యాగులో మీ పక్కనే పెట్టుకోండి. గ్యాసు డబ్బాలో ఉన్నది ఉత్త బ్యూటేన్ అయితే సున్నాకు చేరువలో ఆవిరి కాక మంట పడిపోతుంది. ప్రొపేన్ కలిసినది కొనండి.

చలికి ఆగలేక నిప్పులు లోపలికి తెచ్చుకుందామనిపిస్తోంది

వద్దు. ఎంత వణికినా, ఐదు నిమిషాలకైనా సరే వద్దు. కుంపటి, బొగ్గులు, గ్యాసు పొయ్యి, ఏదైనా మూసిన టెంటులో కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంట దగ్గర బయటే కాచుకుని, ఒళ్లు వెచ్చబడ్డాక లోపలికి రండి. మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నదీ భ్రమే. చర్మానికి నెత్తురు ఎక్కువగా చేరి వేడిగా అనిపిస్తుంది, ఒంట్లోని అసలు వేడి మాత్రం బయటకు పోతుంది.

వణికే మనిషి మాట తడబడుతోంది, లేదా వణుకు ఉన్నట్టుండి ఆగిపోయింది

వణుకు ఆగితే తేరుకున్నారని అనుకోకండి. మాట ముద్దగా రావడం, బొత్తాం పెట్టుకోలేకపోవడం, పిలిస్తే మత్తుగా పలకడం ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోయిందనడానికి గుర్తులు. తడి బట్టలు విప్పి పొడివి వేయండి. అడుగున చాపలు, పైన ఉన్నవన్నీ కప్పి, పక్కన ఒకరు ఆనుకుని పడుకోండి. తెలివిగా ఉండి మింగగలిగితేనే వేడి తీపి పాలు కొద్దికొద్దిగా పట్టండి. కాళ్లూ చేతులూ రుద్దవద్దు, నడిపించవద్దు. 108కు ఫోను చేయండి. ఆ కొండల్లో సిగ్నలు అన్నిచోట్లా అందదు కాబట్టి బండి ఎవరి దగ్గర ఉందో సాయంత్రమే అడిగి తెలుసుకోండి. చింతపల్లిలో, పాడేరులో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా అప్పుడే బయల్దేరండి.