తక్కువ ఖర్చుతో కృత్రిమ కాళ్లు అందించే కేంద్రం పెట్టాలనుకుంటున్నారా? ముందు ఇది చదవండి

కృత్రిమ కాళ్ల గురించి ఏదైనా చేయాలని ఉందని ఎవరు చెప్పినా, రెండో మాటగా త్రీడీ ప్రింటర్ ఎంతలో వస్తుందనే అడుగుతారు. ఆ ఉత్సాహం మంచిదే. కానీ మిషన్ కొనకముందు ఒక్క పని చేయండి. మీ మండలంలో ఇదివరకే ఏదో ఒక క్యాంపులో కాలు తీసుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఆ కాలు ఇప్పుడు ఎక్కడుందో చూడండి. నేను చూసిన మొదటి కాలు గోడకు మేకు కొట్టి, సంచిలో పెట్టి వేలాడదీసి ఉంది. ఆయన మిర్చి కోతలకు వెళ్లే కూలీ, లారీ కింద పడి మోకాలి కింద కాలు పోయింది. కాలు ఇచ్చిన రోజు నడిచారు, ఫోటో దిగారు. కొన్ని నెలలకు మొండి భాగం సన్నబడి సాకెట్ (మొండి భాగం దూరే గిన్నె లాంటి తొడుగు) వదులైంది, లోపల రాసుకుని పుండు పడింది. సరిచేయించుకోవాలంటే రెండు బస్సులు మారాలి, తోడుగా ఒకరు రావాలి, ఇద్దరి కూలీ పోతుంది. ఆయన మళ్లీ చంక కర్రలకే వెళ్లిపోయారు.

ఆ సంచిని చూశాక నాకు అర్థమైంది ఒకటే: మన ప్రాజెక్టు లెక్క ఎన్ని కాళ్లు ఇచ్చామన్న దాంతో కాదు, రెండేళ్ల తర్వాత ఎన్ని కాళ్లు ఇంకా నడుస్తున్నాయన్న దాంతో వేసుకోవాలి. కింద చెప్పేదంతా దాన్ని పట్టుకునే.

మొదటి రెండు మూడు నెలలు ఏమీ కొనకండి, మనుషుల్ని కలవండి. సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉన్నవాళ్లను ఊరి సచివాలయం వాళ్లో పంచాయతీ వాళ్లో చెప్తారు, ఆశా కార్యకర్తలకైతే ఇంకా బాగా తెలుస్తుంది. ప్రతి ఒక్కరి దగ్గరా రాసుకోవాల్సినవి: కాలు ఎక్కడిదాకా తీశారు, ఎందుకు తీశారు, ఎన్నాళ్లైంది, చేసే పని ఏమిటి, ఇంట్లో నేల ఎలా ఉంది, మరుగుదొడ్డి కూర్చునేదా కుర్చీ లాంటిదా. షుగర్ వల్ల కాలు పోయినవాళ్లకూ, యాక్సిడెంట్‌లో పోయినవాళ్లకూ అవసరాలు చాలా వేరు. షుగర్ ఉన్నవాళ్లకు స్పర్శ సరిగా తెలియదు, సాకెట్ ఒరుసుకుని పుండు పడినా నొప్పి తెలియక నడిచేస్తారు, రెండో కాలికి కూడా ప్రమాదం పొంచి ఉంటుంది. రైల్వే లైన్ల దగ్గర, మిల్లుల దగ్గర ఊళ్లలో వేరే కథ. కరెంటు షాక్‌తో చేతులు పోయిన రైతులు కూడా కనిపిస్తారు, పేర్లు రాసుకోండి, కానీ మొదటి ఏడాది చేతుల జోలికి వెళ్లకండి. చెయ్యి పని వేరే విద్య.

ఇంకో విషయం చాలామంది పైకి చెప్పరు. కాలు పెట్టుకుని నడుస్తూ కనిపిస్తే పింఛను తీసేస్తారేమోనని టెన్షన్. అవయవం పోయినవాళ్లకు వైకల్యం శాతాన్ని ఏ స్థాయిలో తీశారన్నదాన్ని బట్టి లెక్కిస్తారు, కృత్రిమ కాలుతో ఎంత బాగా నడుస్తున్నారన్నదాన్ని బట్టి కాదు. ఈ మాట మొదటి రోజే, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చెప్పండి.

ఇక ఏ కాలు అనేది. మోకాలి కింద పోయినవాళ్లతో మొదలుపెట్టండి, ఎందుకంటే సొంత మోకాలు ఉంటే సగం పని దేవుడు చేసిపెట్టినట్టే. మన నేలకు, మన అలవాట్లకు ఇప్పటికీ జైపూర్ పాదం కంటే చవకైన మంచి దారి నాకు కనపడలేదు. 1960ల చివర్లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో శిల్పి రామచంద్ర శర్మ, ఆర్థోపెడిక్ డాక్టర్ పి.కె. సేథీ కలిసి దీన్ని రూపొందించారు. అప్పట్లో దొరికే విదేశీ పాదానికి బూటు తప్పనిసరి. దానితో గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, బురదలో దిగలేరు. వీళ్లు చేసిన రబ్బరు పాదం అన్ని వైపులకూ వంగుతుంది, చెప్పు లేకుండా నడవొచ్చు, నీళ్లలో తడిసినా ఫర్వాలేదు. వరి నాటే మనిషికి కావాల్సింది అదే. 1975లో డి.ఆర్. మెహతా జైపూర్‌లో స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి అప్పటి నుంచి ఈ కాళ్లను ఉచితంగా అమరుస్తోంది. వాళ్ల పని తీరు కళ్లతో చూడకుండా సొంత కేంద్రం మొదలుపెట్టొద్దు. వారం రోజులు అక్కడ కూర్చుని, మనిషి లోపలికి వచ్చినప్పటి నుంచి నడిచి బయటికి వెళ్లేదాకా చూడండి.

పాదాన్ని మీరు తయారు చేయక్కర్లేదు, సైజుల వారీగా తెప్పించుకోండి. రబ్బరు అచ్చుల పని పెద్ద పెట్టుబడి, అది ఇంకొకరు బాగా చేస్తున్నారు. మీ చేతి పనంతా సాకెట్‌లో ఉంది. మొండి భాగానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్టు చుట్టి అచ్చు తీస్తారు, ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి కాలి ఆకారం తెస్తారు, బరువు మోయగల చోట కొంచెం చెక్కుతారు, ఎముక తగిలే చోట కొంచెం పెంచుతారు. ఆ చెక్కడంలోనే నైపుణ్యమంతా ఉంది. తర్వాత పొలాల్లో నీళ్లు పారించే పైపుల్లో వాడే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టాన్నే ఓవెన్‌లో మెత్తబడేదాకా వేడిచేసి ఆ అచ్చు మీదకు లాగుతారు. పదార్థం ఖర్చు తక్కువ, ఒక్క రోజులో కాలు సిద్ధం చేయొచ్చు. వర్క్‌షాప్‌కి రెండు మూడు గదులు చాలు: ఓవెన్, వాక్యూమ్ పంపు, గ్రైండింగ్ మిషన్, ప్లాస్టర్ పనికి సింకు, నడక నేర్పడానికి పట్టుకునే రెండు కమ్మీలు, నిలువుటద్దం. గది కింది అంతస్తులో ఉండాలి, బస్టాండుకు దగ్గరగా ఉండాలి. మెట్లెక్కి వచ్చే కృత్రిమ కాళ్ల కేంద్రం పెట్టకండి.

మోకాలి పైన పోయిన కేసులు రెండో ఏడాదికి పెట్టుకోండి. వాటికి మోకాలి కీలు కావాలి, అక్కడ ఖర్చూ ప్రమాదమూ రెండూ పెరుగుతాయి. చవకైన కీళ్ల మీద మన దేశంలో మంచి పనే జరిగింది. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు పైన చెప్పిన జైపూర్ సమితితో కలిసి చేసిన మోకాలిని 2009లో టైమ్ పత్రిక ఆ ఏడాది మేటి ఆవిష్కరణల్లో చేర్చింది, ఐఐటీ మద్రాస్ వాళ్లు 2022లో 'కదమ్' అనే మోకాలిని తెచ్చారు. వాటిని వాడుకోండి. మీ టీమ్‌లో ఇంజినీర్లుండి కొత్త డిజైనే చేయాలనుకుంటే అది వేరే ప్రాజెక్టు, దానికి నమూనాలు చేసుకునేందుకు హైదరాబాద్‌లో టీ-వర్క్స్, విశాఖలో వైద్య పరికరాల మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ కొత్త ఆవిష్కరణలకు ఇచ్చే 'బిగ్' గ్రాంట్ 50 లక్షల దాకా ఉంటుంది. ఆ డబ్బునీ కాళ్లు అమర్చే డబ్బునీ ఒకే ఖాతాలో కలపొద్దు.

మనుషుల విషయంలో పొదుపు చేయకండి. కాలు కొలిచి అమర్చేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన ప్రాస్తెటిస్ట్ అయ్యుండాలి, 1992 చట్టం అదే చెప్తోంది. పూర్తి కాలం మనిషిని పెట్టుకునే స్తోమత లేకపోతే వారానికి రెండు రోజులు వచ్చే ఒప్పందం చేసుకోండి, మిగతా రోజుల్లో టెక్నీషియన్లు ప్లాస్టర్, గ్రైండింగ్ పనులు చేస్తారు. టెక్నీషియన్లలో కనీసం ఒక మహిళ ఉండాలి. మగవాళ్లు కొలత తీస్తారంటే అసలు రానే రాని ఆడవాళ్లున్నారు, మీ లిస్టులో ఆడవాళ్లు తక్కువగా కనిపిస్తే కారణం అదే కావచ్చు. కాలు పెట్టుకుని నడుస్తున్న మనిషినే రిసెప్షన్‌లో కూర్చోబెట్టండి, భయంతో వచ్చినవాళ్లకు ఆ నడక చూస్తేనే ధైర్యం.

ఇప్పుడు డబ్బు. సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ), ఈ మూడింట్లో ఏదైనా పెట్టొచ్చు. సొసైటీకి మన రాష్ట్రాల్లో కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. పాన్, బ్యాంకు ఖాతా అయిన వెంటనే సంస్థకూ దాతలకూ ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చే నమోదులకు (12ఏ, 80జీ అని పిలిచేవి) పెట్టండి, అవి లేకుండా పెద్ద దాతలెవరూ మాట్లాడరు. వికలాంగుల హక్కుల చట్టం 2016 కింద సంస్థ నమోదు కూడా మర్చిపోవద్దు. కంపెనీల సీఎస్ఆర్ నిధులు, అంటే సామాజిక బాధ్యత కింద చట్టప్రకారం ఖర్చు పెట్టాల్సిన డబ్బు, అందరికీ కనిపించే ఆశ. నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు కూడా సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి కాబట్టి, మీ జిల్లాలో సిమెంట్, గ్రానైట్, ఫార్మా ఫ్యాక్టరీలు కొన్ని అందులోకి రావచ్చు. కానీ ఆ నిధులు తీసుకోవడానికి సంస్థ చేసుకోవాల్సిన సీఎస్ఆర్-1 నమోదుకు మూడేళ్ల పని అనుభవం అడుగుతారు. అంటే మొదటి మూడేళ్లు మీరు వేరే దారిలో నడపాలి.

ఆ మూడేళ్లకు నాకు తెలిసిన మంచి దారి, కాలుకో దాత. రోటరీ, లయన్స్ క్లబ్బులు, పదో తరగతి బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులు, పెళ్లిరోజులకు విరాళం ఇచ్చే కుటుంబాలు, వీళ్లు పదేసి కాళ్లు సులువుగా తీసుకుంటారు. అయితే అడిగేటప్పుడు ఒక్క కాలు ధర అడగొద్దు. కాలు, ఏడాదిలోపు రెండో సాకెట్, మూడేళ్ల రిపేర్లు, వచ్చిపోయే బస్సు ఛార్జీలు, ఇవన్నీ కలిపి ఒక మనిషికి మూడేళ్ల ఖర్చు అని అడగండి. మొత్తం పెరుగుతుంది, కొందరు వెనక్కి తగ్గుతారు, తగ్గనివ్వండి. సాకెట్ మార్చే డబ్బు ముందే చేతిలో లేకపోతే మొదట చెప్పిన గోడ మేకు కథే మళ్లీ జరుగుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు సాయం చేస్తామంటారు, ఇక్కడ చాలా జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా రూపాయి తీసుకోకూడదు. పాస్‌పోర్టు కాపీ అడిగి ఫైల్‌లో పెట్టుకోండి, బాబాయి కొడుకైనా సరే.

ప్రభుత్వ దారి కూడా ఉంది. కేంద్రం అడిప్ పథకం కింద నెల ఆదాయం 22,500 లోపు ఉన్నవాళ్లకు ఉపకరణాలు పూర్తి ఉచితం, 30,000 లోపు వాళ్లకు సగం ఖర్చు. కాన్పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో ఈ క్యాంపులు పెడుతుంది. మీరు వాళ్లకు పోటీ పడక్కర్లేదు. మీ లిస్టులో వాళ్లను ఆ క్యాంపుకు తీసుకెళ్లండి, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆదాయ పత్రం ముందే సిద్ధం చేయించండి, కాలు వచ్చాక చూసుకునే పని మీరు తీసుకోండి. చేతిలో డబ్బు లేని రోజుల్లో ఈ ఒక్క పనితోనే సంస్థకు పేరు, రికార్డు రెండూ వస్తాయి.

మొదటి బ్యాచ్‌కు పది మందే. కాలు ఇచ్చిన వారానికి ఫోన్, నెలకు ఇంటికి వెళ్లడం, మూడో నెల, ఆరో నెల, ఏడాది. వెళ్లినప్పుడు ఎలా ఉందని అడిగి వచ్చేయొద్దు. సాకెట్ తీయించి చర్మం చూడండి, ఎర్రబడిన చోటు తేదీతో రాసుకోండి, పాదం అడుగు ఎంత అరిగిందో చూడండి. పాదం అరగకుండా కొత్తగా ఉంటే ఆ కాలు వాడట్లేదన్నమాట, ఎందుకో అక్కడే కూర్చుని అడగండి.