స్పీకర్ల దొంతర ఒరిగితే, వేలాడే బాక్సులు వంకరపోతే: కారణాలు, సరిచేసే పద్ధతులు

బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ వంటి మైదానాలలో నాతోపాటు సౌండ్ బాక్సులు ఎక్కించే కుర్రాళ్లలో కోలారు, చిత్తూరు, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే ఎక్కువ. పని వాళ్లకు చేతికి వచ్చింది గానీ, బాక్సుతోపాటు వచ్చే ఇంగ్లీషు మాన్యువల్‌ను విడమరిచి చెప్పేవాళ్లు వాళ్లకు దొరకలేదు. మైదానంలో నిజంగా కనిపించే లక్షణాలను పట్టుకుని, ఒక్కొక్క దాని వెనుక కారణాన్నీ, సరిచేసే పద్ధతినీ ఇక్కడ రాస్తున్నాను. ఏ లక్షణం కనిపించినా మొదటి పని మాత్రం ఒక్కటే: ఆ బరువు కిందా, అది పడగలిగినంత దూరంలోనూ ఉన్న మనుషులను తప్పించి, పాట ఆపించాలి. కారణం వెతకడం ఆ తర్వాతి మాట.

సమస్య: నేల మీద పేర్చిన దొంతర ఒక పక్కకు ఒరిగింది

తొంభై పాళ్లు కారణం కింద నేలలోనే ఉంటుంది. బెంగళూరు ఎర్రమట్టి ఉదయం పూట రాయిలా గట్టిగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో ఒక్క వాన పడిందంటే అదే మట్టి మెత్తబడి, బరువు ఎక్కువగా మోస్తున్న మూల దిగబడుతుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే రోజుల్లో నీళ్లు వేదిక కిందుగా పారి, అడుగు పలక కింది మట్టిని కోసుకుపోతాయి. పైకి పలక సమంగానే ఉన్నట్టు కనిపించినా కింద బోలుగా ఉంటుంది.

సరిచేయాలంటే దొంతరను పూర్తిగా విప్పాలి. బరువు ఉండగానే గునపంతో ఎత్తి చెక్కముక్క దూర్చే అలవాటు మనవాళ్లలో ఉంది, కానీ అది చాలా ప్రమాదకరం. ఆ క్షణంలో దొంతర మొత్తం ఒక్క అంచు మీద నిలబడి ఉంటుంది, గునపం పట్టుకున్న మనిషి సరిగ్గా దాని పక్కనే ఉంటాడు. విప్పిన తర్వాత నేలను చదును చేసి, దుంగలు పరిచి, వాటిపైన మందపాటి ప్లైవుడ్ వేసి బరువు వెడల్పుగా పంచాలి. మేస్త్రీలు వాడే రసమట్టంతో పొడవునా, అడ్డంగా రెండు దిక్కులా చూడాలి. సౌండ్ చెక్ అయ్యాక ఒకసారి, వాన వెలిసిన ప్రతిసారీ మరొకసారి మళ్లీ చూడాలి.

సమస్య: బేస్ బాక్సులు వాటంతట అవే జరుగుతున్నాయి

ఒక ఉగాది కార్యక్రమానికి ముందురోజు రిహార్సల్ జరుగుతుండగా, కింది బాక్సు చుట్టూ చాక్‌పీసుతో గీత గీయించాను. రెండు గంటలు పాటలు మోగిన తర్వాత వెళ్లి చూస్తే బాక్సు ఆ గీత దాటి రెండు వేళ్ల మందం ముందుకు వచ్చింది. దూరం నుంచి చూస్తే ఎవరికీ తేడా తెలియదు. రెండు 18 అంగుళాల స్పీకర్లున్న పెద్ద బేస్ బాక్సు ఒక్కొక్కటి సుమారు 80 కిలోలుంటుంది. అంత బరువు కదలదని అందరూ అనుకుంటారు. ప్రతి దెబ్బకూ బాక్సు కొద్దిగా వణుకుతుంది, వణికిన ఆ క్షణంలో రాపిడి తగ్గుతుంది, వాలు ఎటుంటే అటు వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ రోజు వేదిక ముందుకు కొద్దిగా వాలి ఉంది, పైగా బాక్సుల కింద నున్నని పెయింటు వేసిన చెక్క ఉంది.

పరిష్కారం మూడు చోట్ల ఉంది. అడుగు వాలు లేకుండా చేసి, కింద రబ్బరు చాప పరచాలి. పై బాక్సు కాళ్లు కింది బాక్సు గుంటల్లో పూర్తిగా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడాలి. దొంతర మొత్తాన్ని అడుగు పలకతో కలిపి రాచెట్ బెల్టుతో (మీట ఆడించి బిగించే పట్టీతో) బిగించాలి. ఒక్క పై రెండు బాక్సులనే కలిపి కడితే అవి రెండూ జంటగా పడతాయి తప్ప పడకుండా ఆగవు. రాచెట్ బెల్టు కట్టి నిలపడానికే తయారైంది, దానితో ఏ బరువునూ పైకి ఎత్తకూడదు.

సమస్య: గాలికి దొంతర ఊగుతోంది

ఎక్కువమంది తేలికగా తీసుకునేది ఇదే కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. 3 మీటర్ల ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు, 0.8 మీటర్ల లోతు, 300 కిలోల బరువున్న దొంతర ఒకటి ఉందనుకుందాం. అది వెనక్కి తిరగబడాలంటే వెనుక అంచు మీదుగా తిరగాలి. దాన్ని ఆపే శక్తి 300 కిలోలను లోతులో సగం, అంటే 0.4 మీటర్లతో హెచ్చిస్తే వచ్చే 120. గంటకు 54 కి.మీ. వేగంతో వీచే గాలి ఆ ముఖం మీద సుమారు 60 కిలోల బలంతో నెడుతుంది. అది నడిమి ఎత్తు 1.5 మీటర్ల దగ్గర పనిచేస్తుంది కాబట్టి పడదోసే శక్తి 90 దాకా వస్తుంది. గాలి 72 కి.మీ.కు చేరితే అదే శక్తి 160 దాటి, దొంతర తిరగబడుతుంది. గాలి వేగం రెట్టింపైతే నెట్టే బలం నాలుగు రెట్లవుతుందన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు ఆ దొంతరకు నాయకుల ఫొటోలున్న ఫ్లెక్స్ కట్టారనుకోండి. గాలి తగిలే వైశాల్యం రెట్టింపైతే గంటకు 45 కి.మీ. గాలికే దొంతర తన నిలకడ హద్దు దాటిపోతుంది. ఏప్రిల్ సాయంత్రాల్లో వాన ముందు వచ్చే ఈదురుగాలికి అదేమంత ఎక్కువ వేగం కాదు. అందుచేత స్పీకర్ల దొంతరకు గానీ, వాటిని మోసే టవర్లకు గానీ ఫ్లెక్స్ కట్టనివ్వకూడదు. నిర్వాహకులు ఎంత పెద్దవాళ్లైనా ఈ మాట చెప్పి తీరాలి, కట్టి ఉంటే విప్పించాలి. అడుగున బరువు పెంచడం, వెనుకకు కాళ్లు చాపిన వెడల్పాటి పీఠం వేయడం, ఎత్తు తగ్గించడం అనే మూడింటిలో ఎత్తు తగ్గించడమే నాకు ఎక్కువ నమ్మకమైనది. గాలి వేగం కొలిచే చిన్న మీటరు వేదిక పైభాగాన ఉండాలి. ఏ వేగానికి పాట ఆపాలో, ఏ వేగానికి వేలాడే బాక్సులు దించాలో మాన్యువల్ చూసి ముందే కాగితం మీద రాసి, నిర్వాహకుడి సంతకం తీసుకోవాలి.

సమస్య: ఎగరేసిన లైన్ అర్రేలో ముందు గొలుసు వదులుగా వేలాడుతోంది

లైన్ అర్రే అంటే ఒకదాని కింద ఒకటి తగిలించి పైకి వేలాడదీసిన బాక్సుల వరస. దాన్ని ముందొక గొలుసు మోటారు, వెనుకొక గొలుసు మోటారు పెట్టి ఎత్తినప్పుడు బరువును రెండూ చెరి సగం మోస్తాయని అనుకోవడం సహజమే కానీ నిజం కాదు. అర్రేను ముందుకు వంచేకొద్దీ, పైగా కింది బాక్సులు వెనక్కి ఒంపు తిరిగి ఉండటం వల్ల, బరువు మధ్యబిందువు వెనుక గొలుసు కిందికి జరుగుతుంది. ముందు గొలుసు వదులైందంటే మొత్తం బరువు ఒక్క వెనుక మోటారే మోస్తోందని అర్థం. ఎల్-అకూస్టిక్స్ కె2 బాక్సు ఒక్కటి 56 కిలోలు. 12 బాక్సులు 672 కిలోలు, పైన బంపర్ (బాక్సులు వేలాడే చట్రం), కేబుళ్ల బరువు వేరే. అర టన్ను మోటార్లు రెండు ఉన్నాయి కదా, సరిపోతుందని లెక్క వేసినవాడు ఇక్కడే దెబ్బతింటాడు.

ఇలా కనిపిస్తే ముందు గొలుసును లాగి బిగించి ఊరుకోకూడదు. అర్రేను కిందికి దించి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కోణాలు మళ్లీ వేసి, ఒక్కొక్క బిందువు మీద ఎంత బరువు పడుతుందో చూడాలి. వంపు తగ్గించాలి, లేదా బంపర్‌కు వెనుక పొడిగింపు పట్టీ వేసి పట్టు బిందువును జరపాలి. ఏది చేసినా, ప్రతి మోటారూ మొత్తం బరువును ఒంటరిగా మోయగలిగినదై ఉండాలి.

సమస్య: షాకిల్ పక్కకు తిరిగింది, స్లింగ్ తీగలా బిగిసింది

పైకప్పు తక్కువగా ఉన్న హాళ్లలో ఎత్తు కలిసి రావాలని రెండు స్లింగులను (బరువును వేలాడదీసే పట్టీలను) పొట్టిగా, వెడల్పుగా చాపి కడతారు. 1000 కిలోల బరువుకు స్లింగులు నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కొక్క దానిపై 577 కిలోలు పడుతుంది. 45 డిగ్రీలకు 707. 30 డిగ్రీలకు ఒక్కొక్క స్లింగే పూర్తి 1000 కిలోలూ మోయాలి. అంతకంటే చదునుగా ఎప్పుడూ కట్టకూడదు. 45కు పైనే ఉంచుకోవడం మంచిది. ఉచ్చు వేసి కట్టిన స్లింగ్ దాని అసలు శక్తిలో 80 శాతమే మోస్తుంది. గుండ్రటి స్లింగులలో ఊదారంగు 1 టన్నుకు, ఆకుపచ్చ 2 టన్నులకు, పసుపు 3 టన్నులకు గుర్తు. రంగు వెలిసి, లేబుల్ ఊడిపోయిన స్లింగును వాడకూడదు. షాకిల్‌ను (పిన్నుతో మూసే U ఆకారపు కొక్కేన్ని) పక్క నుంచి లాగితే కూడా శక్తి తగ్గుతుంది. పూర్తిగా అడ్డంగా లాగితే సగమే మిగులుతుంది. పిన్ను చివరిదాకా బిగించాలి. తర్వాత విప్పడం తేలికని పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలే అలవాటు మానాలి. వణుకుకు ఆ పిన్నే మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి, పిన్ను కంటిలోంచి సన్నని తీగ దూర్చి షాకిల్‌కు చుట్టాలి.

సమస్య: మోటారు మాట వినడం లేదు

పైకి మీట నొక్కితే కిందికి వస్తోందంటే జనరేటరు దగ్గర ఫేజుల వరస తారుమారైందని అర్థం. ఆ స్థితిలో హద్దు స్విచ్చులు (గొలుసు చివరికి చేరగానే మోటారును ఆపేవి) కాపాడవు, కాబట్టి మళ్లీ నొక్కకుండా ఎలక్ట్రీషియన్‌తో సప్లై దగ్గరే రెండు ఫేజులు మార్పించాలి. మూలిగి ఎత్తకపోతే ఒక ఫేజు లేదు, లేదా పొడవాటి కేబులులో వోల్టేజీ పడిపోయింది. వెంటనే ఆపకపోతే వైండింగ్ కాలిపోతుంది. టకటకమని ఎగిరిపడుతుంటే గొలుసు మెలిపడింది లేదా ఎండిపోయింది. బరువు దించి, మెలి తీసి, నూనె పట్టించాలి.

సమస్య: ట్రస్ మధ్యలో వంగింది

ట్రస్ అంటే గొట్టాలను అతికి చేసిన దూలం. బరువును ఆ గొట్టాలు కలిసే ముడి దగ్గర కాకుండా, ఖాళీ జాగాలో కింది గొట్టానికి మాత్రమే తగిలించినప్పుడు ఇది జరుగుతుంది. స్లింగును ముడి దగ్గరే వేసి, పై గొట్టాలతో కలిపి చుట్టాలి. దించిన తర్వాత కూడా వంపు మిగిలి ఉన్న ట్రస్ ముక్క మళ్లీ పైకి వెళ్లకూడదు. దాన్నీ, చిరిగిన స్లింగునూ, వంగిన షాకిల్‌నూ పక్కన పెడితే మర్నాడు హడావిడిలో ఎవరో ఒకరు మళ్లీ పెట్టెలో వేస్తారు. అందుకే ఆ రాత్రే, లారీ ఎక్కించే ముందే, స్లింగును కత్తితో రెండు ముక్కలు చేసి, షాకిల్‌కూ ట్రస్‌కూ ఎర్ర పెయింటు పూయించి మా బృందం వాటిని వేరే లెక్కలో రాసుకుంటుంది.