పొలం కింద చుట్టిల్లు: ఆనవాలు పట్టేదెలా

బ్రిటన్‌లో క్రీ.పూ. 1500 ప్రాంతం నుంచి క్రీ.శ. 43లో రోమన్లు వచ్చేదాకా జనం ఎక్కువగా గుండ్రటి ఇళ్లలోనే ఉన్నారు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు చూసినవాళ్లకు ఆకారం వేరే చెప్పక్కర్లేదు. రాటలు, తడికలు, కప్పుగడ్డి ఎప్పుడో కుళ్లిపోయాయి. ఇంట్లో తొక్కిన నేల కూడా దున్నకంలో పోయి ఉంటుంది. మిగిలేవి రాటల గుంతలు, చుట్టూ ఒక గాడి.

ముందు పైనుంచి తీసిన ఫొటోలు చూడండి. పూడిన గాడిలో మట్టి లోతుగా ఉండి తేమ ఆగుతుంది. అందుకే ఎండ ముదిరిన జూన్, జూలైల్లో దాని మీది గోధుమ, బార్లీ పైరు పచ్చగా, ఎత్తుగా కనిపిస్తుంది. 1976, 2018 లాంటి వానలేని వేసవుల ఫొటోలతో మొదలుపెట్టండి. గులకనేలలో, సుద్దనేలలో గీత స్పష్టం. బంకనేలలో అంతగా తేలదు.

6 నుంచి 15 మీటర్ల అడ్డుకొలత ఉన్న వలయం, తూర్పుకో ఆగ్నేయానికో వాకిలి ఖాళీ ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. ఖాళీ లేని వెడల్పాటి కందకం చాలాసార్లు సమాధి దిబ్బది. రెండుమూడు మీటర్లదైతే మేత తొట్టి చుట్టూ పశువులు తొక్కిన జాడ కావచ్చు.

తర్వాత గ్రేడియోమీటర్, అంటే నేల అయస్కాంతత్వంలో చిన్న తేడాలను పైనుంచే పట్టే పరికరం. రైతు అనుమతి ఎలాగూ కావాలి. ఇంగ్లండ్‌లో రక్షిత స్థలమైతే 1979 నాటి పురాతన కట్టడాల చట్టం 42వ సెక్షన్ కింద లైసెన్సు కూడా. 30 మీటర్ల గళ్లు వేసి, మీటరుకో వరస, వరసలో 25 సెంటీమీటర్లకో కొలత తీయండి. రాటల గుంతలు కావాలంటే వరసలు అరమీటరుకు తగ్గించాలి. చిన్న గాడి చూపే తేడా ఒకటి రెండు నానోటెస్లాలే (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చాలా చిన్న ప్రమాణం). నడిచేవాళ్ల దగ్గర తాళంచెవులు, బెల్టు బకిల్ ఉంటే అది కాస్తా మునిగిపోతుంది. నడక వేగం మారితే వలయం అంచు రంపప్పళ్లలా వస్తుంది.

తవ్వకంలో దున్నిన పైమట్టిని, సాధారణంగా 25–30 సెంటీమీటర్లు, తవ్వే యంత్రానికి పళ్లు లేని బకెట్ తగిలించి పలచగా గీయించండి. నేల ఆరితే మరకలు మాయమవుతాయి, నీళ్లు చిలకరించాలి. రాటగుంతను ముందు సగమే తవ్వి, కోసిన ముఖం బొమ్మ గీసి, ఫొటో తీశాకే రెండో సగం. మధ్యలో నల్లటి నిలువు చార ఉంటే రాట అక్కడే కుళ్లిందన్నమాట. రాట లావు ఆ చారదే, గుంతది కాదు. ఒకేసారి ఖాళీ చేస్తే ఇది పోయినట్టే. పక్కలు లోపలికి తొలిచినట్టు వంకరపోతే కుందేలు బొరియ.

గాడిలో మీటరు పొడవు ముక్కలు చాలు, కానీ వాకిలి ఇరువైపుల కొసలను పూర్తిగా తవ్వండి: కుండపెంకులు తరచూ అక్కడే గుమికూడతాయి. గోడలు నిటారుగా, అడుగున కర్రల గుర్తులుంటే గోడ నాటిన కందకం. గుండ్రటి అడుగు, ఒండ్రు ఉంటే చూరునీళ్ల గాడి. అది గోడకు బయట ఉంటుంది కాబట్టి దాని కొలతే ఇంటి కొలత అనుకుంటే ఇల్లు పెద్దదైపోతుంది. ఈ పొరపాటు చాలా మామూలు.

ఒక్కో పూడిక నుంచి 40 లీటర్ల మట్టి తీసి నీళ్లలో కలపండి, మాడిన గింజలు, బొగ్గు పైకి తేలతాయి. కాలం తేల్చే కార్బన్ పరీక్షకు మాడిన గింజ పంపండి. ఓక్ బొగ్గు చేవదైతే ఇంటికంటే పాతకాలం చెబుతుంది. క్రీ.పూ. 800–400 మధ్య కార్బన్ తేదీలు విడదీయలేనంతగా ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అక్కడ ఒక్క తేదీతో తేల్చకండి, కుండపెంకుల తీరు కూడా చూడాలి.