కంప్యూటర్ బల్లపైకి చిన్న స్టీరియో యాంప్లిఫయర్ ఎంపిక

నల్లగొండ దుకాణంలో కొన్నా, కోఠి గుజరాతీ గల్లీ దాకా వెళ్లి కొన్నా, ముందుగా మీ స్పీకర్లలో యాంప్లిఫయర్, అంటే కంప్యూటర్ నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని స్పీకర్ మోగేంతగా పెంచే పరికరం, ఇప్పటికే ఉందేమో చూసుకోవాలి. ఉంటే మరొకటి అనవసరం.

పెట్టెపై పెద్ద అక్షరాలతో ముద్రించే వాట్లను నమ్మడం కంటే, దానితో వచ్చే అడాప్టర్‌ను తిప్పి చూడడం మేలు. 24 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంటే అది నిలకడగా ఇవ్వగలిగేది 72 వాట్లే కనుక, చానెల్‌కు (ఒక్కో వైపు స్పీకర్‌కు) 100 వాట్లన్న మాట వట్టి గొప్పే. నిజానికి బల్ల ముందు మీటరు దూరంలో కూర్చునేవారికి అంత శక్తితో పనే లేదు: వాట్లు రెట్టింపయినా శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, అంటే చెవికి తెలిసేది కొద్ది తేడానే. స్పీకర్ వెనుక 4 ఓమ్‌లని (ఓమ్ విద్యుత్ నిరోధానికి కొలత; అది తక్కువైతే యాంప్లిఫయర్‌పై భారం ఎక్కువ) ఉంటే, యాంప్లిఫయర్ ఆ లోడును మోయగలదని దాని వివరాల్లో రాసి ఉండాలి.

పాట ఆపినప్పుడు కూడా స్పీకర్‌లో గుయ్యిమనే శబ్దం వినిపిస్తే, దానికి తరచుగా కారణం కంప్యూటర్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య ఏర్పడే గ్రౌండ్ లూప్, అంటే రెండింటి ఎర్త్ తీగలు కలిసి ఏర్పడే అనవసర విద్యుత్ వలయం. కంప్యూటర్‌లో ఆప్టికల్ అవుట్‌పుట్ ఉన్నవారు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్‌ను తీసుకుంటే, ఆ తీగలో విద్యుత్తు కాక కాంతి ప్రయాణిస్తుంది గనుక ఆ లూప్ తెగిపోతుంది. తీగతో కలిపి వాడేవారికి బ్లూటూత్ ఉన్నా లేకపోయినా ఒకటే. వాల్యూమ్ నాబ్‌ను మాత్రం దుకాణంలోనే బాగా తగ్గించి, రెండు వైపులా శబ్దం సమానంగా వస్తున్నదో లేదో విని చూడండి. చవక రకాల్లో లోపం బయటపడేది అక్కడే.