స్టాక్‌ని బట్టి లేబుల్ దానంతటదే మారాలంటే
మా పచ్చళ్ల స్టోర్ షాపిఫైలో (ఆన్‌లైన్ దుకాణాలు నడిపే సర్వీస్) ఉంది, ఆవకాయ మళ్లీ పెట్టి 40 సీసాలు ఎక్కించినా పేజీలో 'కొన్నే ఉన్నాయి' అనే ఉండేది, చేత్తో మార్చలేక షాపిఫై ఫ్లో (ఇలాంటి పనులు దానంతటదే చేసే షాపిఫై యాప్) పెట్టేశా. ట్రిగ్గర్ ఇన్వెంటరీ క్వాంటిటీ ఛేంజ్డ్ (అంటే స్టాక్ సంఖ్య మారగానే ఫ్లో మొదలవుతుంది), కండిషన్ టోటల్ ఇన్వెంటరీ 0 కంటే ఎక్కువ 5 కంటే తక్కువ, అవునైతే 'లో-స్టాక్' ట్యాగ్ యాడ్, కాకపోతే రిమూవ్. ఈ రిమూవ్ మర్చిపోతే మాత్రం పాత లేబులే వేలాడుతూ ఉంటుంది. తర్వాత థీమ్ (స్టోర్ పేజీల డిజైన్) కోడ్‌లో ఆ ట్యాగ్ ఉంటేనే లేబుల్ చూపించమని ఒక ఇఫ్ (if) షరతు రాయాలి.

ఇంకోటి, టోటల్ అంటే అన్ని సైజులూ కలిపి, పావుకిలో సీసాలు అయిపోయినా కిలోవి 20 ఉంటే ట్యాగ్ పడదు, సైజువారీగా కావాలంటే థీమ్‌లో వేరియంట్ క్వాంటిటీయే (ఒక్కో సైజు స్టాక్) చూడాలి. ముందు ఒక్క ప్రొడక్ట్‌కి స్టాక్ 4 చేసి చూడండి.