కాలువ గట్టు మీద పాములు చూడాలంటే

పాములు చూపించమని ఎవరైనా మా వూరొస్తే వాళ్ళు వచ్చిన నెలను బట్టి ఎటు తీసుకెళ్ళాలో తేల్చుకుంటాను. మా గోదావరి డెల్టాలో పాము జాడ చెప్పేది నీళ్ళు. కాలువ లస్కరుగా తూములు తీస్తూ, గట్లకు గండ్లు పడ్డాయేమో చూస్తూ తిరిగిన తిరుగుడే నాకీ సంగతి నేర్పింది. నీటిమట్టం మారితే కప్ప చోటు మారుస్తుంది, ఎలుకా మారుస్తుంది. వాటి వెనకే పామూ కదులుతుంది. అందుకే పొదలు కెలకడం మానేసి, నీళ్ళు ఎక్కడికి చేరాయో, ఎక్కణ్ణించి తీశాయో ముందు కనుక్కోండి.

మొదట నీరుకట్టెతో మొదలుపెట్టండి. విషం లేదు, పగలే కనిపిస్తుంది, మన కాలువల్లో కరువు లేదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక తూముల దిగువన, వంతెనల కింద గుంటల్లో మాత్రమే నీళ్ళు మిగులుతాయి. చేపపిల్లలన్నీ అక్కడే ఇరుక్కుంటాయి కాబట్టి నీరుకట్టెలూ అక్కడికే చేరతాయి. పొద్దున్న ఎండ ఎక్కకముందు వంతెన పిట్టగోడ మీద చేతులు ఆనించి, కదలకుండా గుర్రపుడెక్క అంచు వెంట చూపు నడిపించండి. ముక్కు, కళ్ళు మాత్రం పైకి పెట్టి ఒక తల తేలుతుంది. ఒంటి మీద నలుపు గళ్ళు, కంటి కింద నుంచి వెనక్కి ఏటవాలుగా రెండు నల్లగీతలు ఉంటే అది నీరుకట్టే. దీని కోపం మాత్రం మామూలుది కాదు. బెదిరితే మెడ వెడల్పు చేసి లేస్తుంది. అది చూసి తాచు అనుకుని కర్రతో కొట్టి చంపిన వాళ్ళను ఎందరినో చూశాను. కరిస్తే రక్తం కారుతుంది, అంతకుమించి ప్రాణభయం లేదు. అయినా పట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పామును పట్టడం, చంపడం నేరం. అది అలా ఉంచి, చేతిలో గింజుకునే పామును చూస్తే దాని బతుకు గురించి మీకేమీ తెలియదు.

జూన్‌లో నీళ్ళు వదిలాక కథ మారుతుంది. పొలాలకు నీరు పారే చిన్న బోదెలు నిండి గట్ల అడుగున ఉన్న ఎలుక బొరియల్లోకి నీరు చేరుతుంది. ఎలుకలు ఎత్తుగా ఉన్న పుంత దారుల మీదికి, కొబ్బరి డొక్కల పోగుల్లోకి వస్తాయి. జెర్రిపోతును చూడటానికి అదే అదను. ఇది పగటి పాము. పెద్ద కళ్ళు, పెదవుల మీద నిలువుగా నల్లగీతలు, మనిషి నిలువును మించిన పొడుగు. దీన్ని మీరు వెతకనక్కర్లేదు, చెవులు తెరిచి ఉంచితే చాలు. గోరింకలు, కాకులు ఒకే చెట్టు చుట్టూ చేరి ఆగకుండా అరుస్తుంటే, ఉడుత తోక ఎగరేస్తూ ఒకే చోటికి చూసి కీచుమంటుంటే అక్కడ పామో పిల్లో ఉంటుంది. ఇంకో గుర్తు కప్ప అరుపు. బెకబెకమనే మామూలు అరుపు కాదు. పాము నోట చిక్కిన కప్ప సన్నగా, సాగదీసి ఏడుస్తుంది. ఒకసారి విన్నాక మళ్ళీ పొరపడరు. ఆ శబ్దం వైపు పరిగెత్తకండి. దడదడా అడుగులు పడితే నేల అదురు పాముకు తెలిసిపోతుంది, కప్పను వదిలేసి వెళ్ళిపోతుంది. ఉన్నచోటే ఆగి, మెల్లగా నాలుగడుగులు వేసి, మళ్ళీ ఆగండి.

రెండు పాములు పెనవేసుకుని నిలువుగా లేవడం కనబడితే మా పక్క జనం తాచూ జెర్రిపోతూ సయ్యాట అని కొత్త గుడ్డ కప్పడానికి పరుగెడతారు. ఆ రెండూ మగ జెర్రిపోతులే, కుస్తీ పడుతున్నాయి. ఒకదాని తలను ఇంకోటి కిందికి నొక్కాలని చూస్తుంది. వాటి గొడవలో అవి ఉంటాయి కాబట్టి దూరంగా కూర్చుంటే చాలాసేపు చూడొచ్చు. గుడ్డ కప్పే పెద్దాయన్ని ఆపగలిగితే ఇంకాసేపు.

సార్వా, అంటే తొలిపంట వరి కోతలప్పుడు, నవంబరు డిసెంబరుల్లో, చేలో నీరు తీసేస్తారు. గింజకు ఎలుక వస్తుంది, ఎలుకకు రక్తపింజరి. గోధుమరంగు ఒంటి మీద మూడు వరుసల్లో ముదురు మచ్చలు, ప్రతి మచ్చకూ నల్లటి అంచు. కోసి పరిచిన పనల కింద, గడ్డివాము పక్కన ముద్దగా పడి ఉంటుంది, మనిషి వచ్చినా కదలదు, అదే దీనితో చిక్కు. మరీ దగ్గరికెళితే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుసకొడుతుంది. ఆ బుస వినబడిందంటే మీరు ఉండాల్సిన దూరంలో లేరు. వచ్చిన దారినే వెనక్కి నడవండి. ఏ పాముకైనా కనీసం పదడుగులు వదలాలి. చూపు ఆనకపోతే బైనాక్యులర్స్ కొనుక్కోవాలి గానీ దగ్గరికి జరగకూడదు.

రాత్రి వెళ్ళాలనుకుంటే మోకాలి కింద దాకా గమ్ బూట్లు, మంచి టార్చి, తోడుగా ఇంకో మనిషి తప్పనిసరి. కర్ర నేల తట్టడానికే. ఫోన్ లైటుతో గట్టు మీద నడవడం పిచ్చిపని. అడుగు పెట్టే చోటు చూశాకే అడుగు, చెయ్యి పెట్టే చోటు చూశాకే చెయ్యి. రాత్రి కనిపించే వాటిలో కట్లపాము ముఖ్యం. నిగనిగలాడే నలుపు మీద సన్నటి తెల్లకట్లు. తల దగ్గర కట్లు మసకగా ఉండి తోక వైపు స్పష్టంగా ఉంటాయి. విషం లేని వుల్ఫ్ స్నేక్ అచ్చం ఇలాగే కనిపిస్తుంది గానీ దానికి కట్లు మెడ దగ్గరే స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. ఈ తేడా మీ నోట్‌బుక్‌లో రాసుకోవడానికి, దగ్గరికెళ్ళి ధైర్యం చూపించడానికి కాదు. కట్లపాము కాటు నొప్పి కూడా సరిగా తెలియదు, వాపూ రాకపోవచ్చు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలి, తర్వాత ఊపిరి అందదు.

కాటు పడితే గట్టిగా తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, పసరు పొయ్యొద్దు, మంత్రం కోసం టైమ్ పాడుచేయొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. మన దేశంలో ఇచ్చే విరుగుడు తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటికీ కలిపి తయారైంది. కాబట్టి పామును చంపి సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించనక్కర్లేదు.

తాచు కోసం పుట్టల దగ్గర కాపు కాసేవాళ్ళకు ఒక మాట. పుట్టను కట్టింది చెదపురుగులు, తాచు అందులో అద్దెకుండేదే. నాగుల చవితి రోజు అక్కడికి వెళ్ళి ఉపయోగం లేదు, జనం సందడికీ బాణసంచాకీ ఏ పామూ బయటికి రాదు. అది పాలు తాగే జీవీ కాదు. మామూలు రోజుల్లో సాయంత్రం ఎండ తగ్గాక, పుట్టకు దూరంగా గాలివాటం చెట్టు కింద కూర్చోండి. కుబుసం దొరికితే అదీ లాభమే, పొలుసులు తీరిగ్గా చూసుకోవచ్చు. కట్లపాము కుబుసమైతే వీపు మధ్య వరుసలో పొలుసులు మిగతావాటికంటే పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి.

జూలై ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికలు మొదలైతే గోదావరి మధ్యనున్న లంకల వైపు పాముల కోసం వెళ్ళకండి. చెట్లకూ, గట్లకూ, ఇళ్ళ చూరులకూ పాములు బోలెడు కనిపించే మాట నిజమే. కానీ మునుగుతున్న ఊరు చూడటానికి వెళ్ళే చోటు కాదు.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో లెక్క వేరు, అక్కడ నెల కాదు, పోటు చూసుకోవాలి. పోటు తీసి బురద బయటపడ్డ వేళ చెక్కల వంతెన మీద నిలబడి, బురదలో గెంతే చేపల మధ్య చూడండి. బూడిదరంగులో, చిన్న కళ్ళు తల పైభాగాన ఉన్న పాము కాలువ అంచున మెదులుతుంది. డాగ్ ఫేస్డ్ వాటర్ స్నేక్ అంటారు. చేపలు తింటుంది, గుడ్లు కాకుండా పిల్లల్ని పెడుతుంది, విషం స్వల్పం. ఇది ఎక్కువగా రాత్రిపూట తిరిగేది, కాబట్టి పగలు కనబడకపోతే నిరుత్సాహపడకండి.

ఇక అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో వల లాగేటప్పుడు తోక తెడ్డులా చదునుగా ఉన్న పాము పడితే అది సముద్రపు పాము. మెత్తగా, నీరసంగా కనిపిస్తుంది, పిల్లలు తోక పట్టుకుని ఆడబోతారు. పట్టనివ్వకండి. దాని విషం చాలా తీవ్రం, పైన చెప్పిన ఇంజెక్షన్ దానికి పనిచేయదు. పొడుగాటి కర్రతో నీళ్ళలోకి తోసేయమని వల లాగేవాళ్ళనే అడగండి, ఆ పని వాళ్ళకు అలవాటే.